ఇరవై మంది అడగని ప్రశ్న

మా సంస్థ పేరు పాడి పరిజ్ఞాన వ్యాప్తి సంస్థ. గేదెలు, ఆవులు పెంచుకునేవాళ్ళకి తెలియాల్సిన సంగతులు తెలియజెప్పడం దాని పని. ఆ పనికి ఒక బ్లాగు ఉంది. బ్లాగు రాయడానికి నేనున్నాను. నేను సరిగ్గా రాస్తున్నానో లేదో చూడ్డానికి పదకొండు మంది ఉన్నారు.

నాలుగేళ్ళలో రెండు వందల పన్నెండు పోస్టులు రాశాను. దూడకి జున్నుపాలు ఎప్పుడు పట్టాలి, గిట్టల సందున పుండు పడితే ఏం చెయ్యాలి, ఎదకొచ్చిన గేదెని ఎలా కనిపెట్టాలి, అన్నీ పశువైద్యులు మాలకొండయ్య గారి పక్కన కూర్చుని, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసినవే. ఒక్కో పోస్టుని సగటున పధ్నాలుగు మంది చదివేవారు. అందులో పదకొండు మంది ఎవరో మీరు ఊహించగలరు. మిగిలిన ముగ్గురి కోసమే నేను రాసేవాణ్ణి. వాళ్ళెవరో తెలియదు కానీ, వాళ్ళంటే నాకు చాలా ఇష్టం.

ఇలా ఉండగా మా సంచాలకులు పృథ్వీనాథ్ గారు ఒక పెద్ద హోటల్లో జరిగిన రెండు రోజుల వర్క్‌షాపుకి వెళ్ళివచ్చారు. అక్కడ మెడలో వేసిన కార్డు వారం దాకా తియ్యలేదు. ఎనిమిదో రోజున మమ్మల్నందర్నీ పిలిచి కూర్చోబెట్టారు.

“ఇంతకాలం మనం మనుషుల కోసం రాశాం,” అన్నారు. ఆ గొంతులో పశ్చాత్తాపం ఉంది. “మనిషి మన పోస్టు దగ్గరికి తనంతట తాను రాడు. సెర్చ్ ఇంజను తీసుకురావాలి. సెర్చ్ ఇంజనుకి మనలా చదవడం రాదు. ఇది శీర్షిక, ఇది రచయిత పేరు, ఇది తేదీ, ఇది ప్రశ్న, ఇది జవాబు అని విడివిడిగా లేబులు అంటించి చూపించాలి. ఆ లేబుళ్ళు పాఠకుడికి కనిపించవు, యంత్రానికే కనిపిస్తాయి. దీనినే నిర్మిత దత్తాంశము అందురు.”

నిజానికి అందులో తప్పేం లేదు. వంటింట్లో డబ్బాల మీద ఇది కందిపప్పు, ఇది మినప్పప్పు అని చీటీలు అంటించుకున్నట్టే. పోస్టుకి ఐదు నిమిషాల పని. నేను ఆ సాయంత్రమే మొదలుపెట్టేద్దామనుకున్నాను. ఈలోగా లేబుళ్ళు ఎలా అంటించాలో చెబుతూ సర్క్యులర్ వచ్చింది.

సర్క్యులర్‌తో పాటు సూపరింటెండెంటు అచ్యుతరామయ్య గారు కూడా వచ్చారు. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఆయన మీద ఒక్క రిమార్కు లేదు, ఎందుకంటే ఆయన ఇంతవరకూ ఏ కాగితాన్నీ తన దగ్గర ఆగనివ్వలేదు, పక్క బల్ల మీదికి పంపించేశారు.

“రచయిత అన్న లేబుల్లో ఎవరి పేరు రాస్తావు?” అని అడిగారు.

“నాదేనండి. రాసింది నేనే కదా.”

ఆయన నావంక జాలిగా చూశారు. “రాసినవాడు గుమాస్తా నాయనా. సంతకం పెట్టినవాడు రచయిత. ఫైలు ఎన్ని చేతులు మారుతుంది?”

“ఏడు.”

“అయితే రచయితలు ఏడుగురు. హోదాలతో సహా రాయి. ఎవరైనా సెలవులో ఉంటే ఆ సంగతీ రాయి.”

ఆ విధంగా ‘దూడల్లో నులిపురుగులు’ అనే ఎనిమిది వాక్యాల పోస్టుకి ఏడుగురు రచయితలు, ఒక సెలవులో ఉన్న రచయిత, ఆయన బదులు ఒక ఇన్‌చార్జి రచయిత ఏర్పడ్డారు. తేదీ దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. ప్రచురించిన తేదీ లేబుల్లో వెయ్యకపోతే ఫైలు ఆమోదించరు. ఆమోదించకపోతే ప్రచురించడం కుదరదు కాబట్టి తేదీ ఉండదు. నేను రోజూ పొద్దున్నే ఆనాటి తేదీ వేసి పైకి పంపేవాణ్ణి. మర్నాడు తేదీ తప్పని రాసి కిందికి పంపేవారు. నులిపురుగులు ఇరవై మూడు రోజులు ఆ మెట్ల మీద ఎక్కి దిగాయి.

చివరికి పోస్టు ఎనిమిది వాక్యాలూ, లేబుళ్ళు నాలుగు వందల ముప్ఫై వరసలూ అయ్యాయి. సంచాలకులు చూసి మురిసిపోయారు. “ఈ ఎనిమిది వాక్యాలు తగ్గించడానికి వీలవుతుందా?” అని అడిగారు.

తగ్గించాను.

ఆ తరువాతి వారం లేబుళ్ళు లేని పోస్టులన్నీ, అంటే రెండు వందల పదకొండు పోస్టులు, లేబుళ్ళు పడేవరకు బ్లాగులోంచి తొలగించవలెనని ఉత్తర్వు వచ్చింది. నా చేతులతో నేనే తొలగించాను. రెండు రోజులకి నా ముగ్గురు పాఠకుల్లో ఒకరి దగ్గర్నుంచి మెయిలు వచ్చింది. ‘బ్లాగు కనబడుటలేదు. తమరు క్షేమమేనా?’ అని ఉంది. జవాబు రాయడానికి అనుమతి కోరుతూ ఫైలు పెట్టాను. అది ఇంకా తిరిగి రాలేదు.

ఇదంతా ఒక ఎత్తు. తరవాత సంచాలకుల దృష్టి ‘తరచూ అడిగే ప్రశ్నలు’ అనే లేబులు మీద పడింది. ఆ లేబులు ఉంటే మన ప్రశ్నలూ జవాబులూ సెర్చ్ ఇంజను మొదటి పేజీలోనే కనిపిస్తాయని వర్క్‌షాపులో చెప్పారట. “అయితే ఒక్క నియమం,” అన్నారు సంచాలకులు. “అవి ప్రజలు నిజంగా అడిగిన ప్రశ్నలు అయి ఉండవలెను. మనం కూర్చుని కల్పించరాదు.” ఆయన నిజాయితీపరుడు. మా కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

“తరచూ అంటే ఎంతండీ?” అన్నారు అచ్యుతరామయ్య గారు. “రేపు ఆడిట్ వాళ్ళు అడిగితే ఏం చూపిస్తాం?”

అలాంటి ప్రశ్న ఆయనకే తడుతుంది. వెంటనే ఐదుగురితో కమిటీ వేశారు. కమిటీ నాలుగుసార్లు కూర్చుని ‘తరచుదనము’ను నిర్వచించి, సర్క్యులర్ జారీ చేసింది. ‘ఒకే ప్రశ్నను, అవే మాటలతో, ఇరవై మందికి తగ్గని ప్రజలు, పనివేళలలో, కౌంటరు ఎదుట వరుసలో నిలబడి అడిగినచో అది తరచూ అడిగిన ప్రశ్నగా పరిగణింపబడును. వరుసలో నిలబడిన ఏ వ్యక్తి అయినను ప్రజలుగా పరిగణింపబడును. తరచుదనము సిద్ధించి, అంగీకృత జవాబు వెలువడు వరకు సిబ్బంది ఎవరును ఆ ప్రశ్నకు జవాబు చెప్పరాదు. నోటితో చెప్పినను అది లేబులు లేని సమాచార వ్యాప్తి కింద చర్యకు అర్హమగును.’

కింద వరండాలో కౌంటరు తెరిచారు. నేను కిటికీ వెనక, నా పక్కన రిజిస్టరు పట్టుకుని అచ్యుతరామయ్య గారు. వారం రోజులపాటు ప్రజలు ఎవరూ ఏమీ అడగలేదు. దాంతో గడ్డి విత్తనాలకీ, ఖనిజ లవణం పొట్లాలకీ వచ్చేవాళ్ళు ముందు ఒక ప్రశ్న అడిగి తీరాలని నియమం పెట్టారు. ఏం అడగాలో వాళ్ళకి తోచలేదు. ప్రజలకు అడగడంలో తర్ఫీదు అవసరమని గుర్తించి, పది ప్రశ్నలు పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించారు. మొదటిది, ‘గేదెకు నీరు ఎందుకు తాగించవలెను?’

మొదట వచ్చిన రైతు గోడకేసి చూసి, “గేదెకు నీరు ఎందుకు తాగించవలెను అయ్యా?” అన్నాడు.

“అయ్యా లేదు. ఉన్నది ఉన్నట్టు అడగాలి,” అన్నారు అచ్యుతరామయ్య గారు.

అతను మళ్ళీ అడిగాడు. విత్తనాల సంచీ తీసుకుంటూ నావైపు వంగి, “ఏం బాబూ, నిజంగానే మీకు తెలవదా?” అని మెల్లగా అన్నాడు. నేను తల వంచుకుని రిజిస్టరు చూశాను. అంగీకృత జవాబు ఇంకా రాలేదు.

రెండు వారాల్లో ఆ ప్రశ్న పదిహేను వందల సార్లు అడిగారు. జవాబులు తయారుచెయ్యడానికి చుట్టుపక్కల పశువుల ఆసుపత్రుల్లోంచి ఆరుగురు డాక్టర్లని డిప్యుటేషన్ మీద తెప్పించి మేడమీద హాల్లో కూర్చోబెట్టారు. అందులో మాలకొండయ్య గారు ఒకరు. నీళ్ళ మీద పన్నెండు పేజీల జవాబు రాశారు. గేదెకి దాహం వేస్తుందన్న మాటకి ఆధారం ఏమిటని దాన్ని వెనక్కి పంపారు.

ఆ మంగళవారం పదకొండింటికి నాంచారమ్మ వచ్చింది.

వరసలో పధ్నాలుగు మంది ఉన్నారు. ఆమె అందర్నీ తోసుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చింది. చేతిలో ఫోను ఆన్‌లోనే ఉంది. కొంగు జారినా చూసుకోలేదు.

“బాబూ, మా బర్రెకు కడుపుబ్బింది. పొద్దున్నే కట్టు తెంపుకుని తడి అలసంద చేలో పడి మేసిందయ్యా. ఎడంపక్క డొక్క పైకి లేచింది. నోరు తెరిచి రొప్పతా ఉంది. ఆసుపత్రికి పోతే తాళమేసుంది, డాక్టరుగారు ఇక్కడున్నారన్నారు. ఆటో ఎక్కి వచ్చా. ఏం చెయ్యాలో చెప్పండి, మా ఆయన దాని పక్కనే నిలబడి ఫోన్లో ఉన్నాడు. మాకున్నది అదొక్కటే.”

నాకు తెలుసు. అది నా నలభై ఏడో పోస్టు. ‘కడుపుబ్బరం: మొదటి గంటలో చేయవలసింది’. మొదటి వాక్యం కూడా గుర్తుంది, ఆలస్యం చేస్తే గేదె ఊపిరాడక చచ్చిపోతుందని. నేను నోరు తెరిచాను. అచ్యుతరామయ్య గారు సర్క్యులర్ మీద వేలు పెట్టారు. నోరు మూసుకున్నాను. భయం వేసింది. ఇలా రాసుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ భయమే వేసింది.

“ఇది జాబితాలో ఉన్న ప్రశ్న కాదమ్మా,” అన్నారు అచ్యుతరామయ్య గారు, కటువుగా ఏమీ కాదు, వివరంగానే. “ఇప్పటికి ఒక్కరు అడిగారు. ఇంకా పంతొమ్మిది మంది అడగాలి. అవే మాటలతో. నువ్వు వరసలో లేవు కాబట్టి నీదీ లెక్కలోకి రాదు.”

నాంచారమ్మ ఆయన్ని చూసింది, నన్ను చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వెనక్కి తిరిగి వరస మొత్తానికి వినబడేలా, “అన్నా, మీకందరికీ దండం పెడతా. నేను చెప్పిన మాట తలా ఒకసారి ఇక్కడ అడగండి,” అంది.

రైతులు మంచివాళ్ళు. అందులోనూ రెండు వారాలుగా అడగడంలో ఆరితేరారు. ఒకరి తరవాత ఒకరు కిటికీ ముందుకొచ్చి, “కడుపుబ్బిన గేదెకు ఏమి చేయవలెను?” అని తప్పు లేకుండా అడిగారు. పనిలో పనిగా ఆమెకి సలహాలు కూడా చెప్పారు. ఒకాయన ఇంగువ పెట్టమన్నాడు. ఇంకొకాయన వాము నీళ్ళన్నాడు. ఒక పెద్దాయన వాత పెట్టించమన్నాడు. ఆయన పక్కనాయన, వాత పెడితే చస్తదని ఆయన మీదికి లేచాడు.

“వాము నీళ్ళు పొద్దున్నే పోశానన్నా, తగ్గలా,” అంది నాంచారమ్మ. ఫోన్లోంచి ఆమె భర్త ఏడుకొండలు గొంతు వినిపిస్తోంది. “ఏమే, ఇంగువా, వాతా? ఏదో ఒకటి చెప్పు. ఇది నిలబడలేకపోతా ఉంది.”

పధ్నాలుగు అయ్యాయి. నాంచారమ్మ వరస చివర నిలబడి తన ప్రశ్న తను అడిగింది. పదిహేను. గేటు దగ్గర టీ కొట్టాయన వచ్చాడు. ఆటోవాడు వచ్చాడు. బస్సు కోసం నిలబడ్డ దంపతులు వచ్చారు. వాళ్ళకి గేదె లేదు, టౌన్లో ఫ్లాటు ఉంది, అయినా శ్రద్ధగా అడిగారు. చివరికి గోడ మీద పోస్టర్లు అంటించుకునే అతను జిగురు చేతులతోనే వచ్చి ఇరవయ్యోసారి అడిగాడు. అచ్యుతరామయ్య గారు ఎర్ర సిరాతో గీత గీసి, ‘తరచుదనము సిద్ధించినది’ అని రాశారు. నాంచారమ్మ ఊపిరి పీల్చుకుంది.

“ఇక చెప్పండయ్యా.”

“జవాబుల కమిటీ రెండో గురువారం కూర్చుంటుంది,” అన్నారాయన. “ఏడుగురు రచయితల సంతకాలు అయ్యాక, తేదీ వేశాక చెబుతాం.”

అప్పుడు ఆమె కిటికీ ఊచలు పట్టుకుని అలాగే కిందికి కూలబడిపోయింది. నేను అంత చేతకానివాణ్ణని ఆ క్షణందాకా నాకు తెలియదు.

మేడ మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ఒకే ప్రశ్న ఇరవైసార్లు కింద నుంచి వినబడుతుంటే మాలకొండయ్య గారు పైన కూర్చోలేకపోయారు. ఆయన నాంచారమ్మని చూసి గుర్తుపట్టారు. ఆమె గేదెకి రెండుసార్లు పురుడు పోసింది ఆయనే. ఏదో చెప్పబోయారు.

“డాక్టరుగారూ, జవాబు చెప్పకూడదు,” అన్నారు అచ్యుతరామయ్య గారు.

మాలకొండయ్య గారు ఆగారు. సర్క్యులర్ తీసుకుని, నిలబడి, మొత్తం చదివారు. మడిచి ఇచ్చేశారు. తరవాత వెళ్ళి వరస చివర నిలబడ్డారు. ముందున్నవాళ్ళకి విషయం అర్థమైందో లేదో కానీ, ఒక్కొక్కరే పక్కకి జరిగారు. ఆయన కిటికీ ముందుకొచ్చారు.

“వరసలో నిలబడ్డాను కాబట్టి ఇప్పుడు నేను ప్రజలే కదండీ?”

అచ్యుతరామయ్య గారు రెండో వాక్యం చూసుకున్నారు. “ప్రజలే.”

“ప్రశ్న అడగొచ్చు కదా?”

“తప్పక అడగవలెను.”

మాలకొండయ్య గారు నాంచారమ్మ ఫోనుకేసి తిరిగి, గొంతెత్తి అడిగారు. “కడుపుబ్బిన గేదెని ముందుకాళ్ళు గట్టు మీద, వెనక కాళ్ళు పల్లంలో ఉండేలా నిలబెట్టవలెనా?”

అచ్యుతరామయ్య గారు రాసుకున్నారు. ఫోన్లోంచి, “సాంబయ్యా, ఇటు పట్టు, గట్టెక్కిద్దాం,” అని వినబడింది.

“వేపపుల్ల లావుది నోట్లో అడ్డంగా పెట్టి, కొమ్ములకు తాడుతో కట్టి నమిలించవలెనా?”

“వేపపుల్లే, విరుచుకురా,” అంది ఫోను.

“అర లీటరు వేరుశనగ నూనె సీసాలో పోసి నెమ్మదిగా పట్టించవలెనా? పట్టించేటప్పుడు తల బాగా పైకెత్తినా, నాలుక బయటికి లాగినా నూనె ఊపిరితిత్తుల్లోకి పోవునని తెలియదా?”

“కాస్త ఆగండి, రాసుకోవాలి,” అన్నారు అచ్యుతరామయ్య గారు, చెమట తుడుచుకుంటూ. ఆయన ముఖం వెలిగిపోతోంది. అంత మంచి ప్రశ్నలు ఆ కౌంటరుకి ఎన్నడూ రాలేదు.

కాసేపటికి ఏడుకొండలు, “నూనె పోశాం. దిగింది. ఇంకా రొప్పతానే ఉంది,” అన్నాడు.

నేనెప్పుడు కుర్చీలోంచి లేచానో గుర్తులేదు. డాక్టరుగారి వెనక వరసలో నిలబడి ఉన్నాను. “ఎడమ డొక్క మీద అరచేత్తో కిందనుంచి పైకి గట్టిగా రుద్దుతూ ఉండవలెనని నలభై ఏడో పోస్టులో రాసిన మాట వాస్తవం కాదా?” అని అరిచాను.

“వాస్తవం కాకేం?” అని డాక్టరుగారు నన్నడిగారు.

వరండా అంతా ఫోను చుట్టూ మూగింది. టౌన్లో ఫ్లాటు ఉన్న ఆవిడ నాంచారమ్మ చెయ్యి పట్టుకుంది. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఎంతసేపు గడిచిందో, ఫోన్లోంచి ఒక పెద్ద తేనుపు వినిపించింది. అలాంటి తేనుపు నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. దాని వెనకే ఇంకొకటి.

“గాలొదిలిందే. డొక్క దిగతా ఉంది,” అన్నాడు ఏడుకొండలు.

నాంచారమ్మ అప్పుడు ఏడ్చింది. పోస్టర్ల అతను జిగురు చేతులతోనే టీ కొట్టాయన్ని కావిలించుకున్నాడు. అచ్యుతరామయ్య గారు చివరి ప్రశ్నకి వరస సంఖ్య వేసి, సిరా ఆరేవరకూ ఊదారు.

శుక్రవారం సంచాలకులు మీటింగు పెట్టారు. ఒక్కరోజులో ప్రజల నుంచి ఇన్ని నాణ్యమైన ప్రశ్నలు రావడం సంస్థ చరిత్రలో ఇదే ప్రథమమన్నారు. ప్రశ్నలు అడిగిన ఒక పౌరుడు, అంటే మాలకొండయ్య గారే, ప్రజల్లో చైతన్యానికి నిదర్శనమని మెచ్చుకున్నారు. తరవాత గొంతు సవరించుకుని, ఇకమీదట తరచూ అడిగే ప్రశ్నల్ని ఫలితాల్లో చూపించబోమని సెర్చ్ ఇంజను వాళ్ళు ప్రకటించినట్టు కూడా తెలియజేశారు.

“అయితే కౌంటరు ఎత్తేస్తామాండీ?” అన్నాన్నేను.

“ఎందుకు? ఇక వాళ్ళు చూస్తారన్న ఒత్తిడి కూడా ఉండదు. ప్రశాంతంగా పని చేసుకోవచ్చు,” అన్నారు సంచాలకులు.

సోమవారం నాంచారమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి ఎవర్నీ తోసుకురాలేదు. వరసలో నిలబడి, తన వంతు వచ్చాక, డాక్టరుగార్ని కిందికి పిలిపించమని కోరింది. ఆయన వచ్చేదాకా కిటికీ వదల్లేదు.

“విషయం చెప్పడానికి వీల్లేదమ్మా, ప్రశ్న అయితేనే రాసుకుంటాం,” అన్నారు అచ్యుతరామయ్య గారు.

“ప్రశ్నేనయ్యా. ఒక్కదాన్నే అడుగుతా, ఇరవైమందితో పన్లేదు.” ఆమె మాలకొండయ్య గారి వైపు తిరిగింది. “మా బర్రె మేత మేస్తా ఉంది, రెండు పూటలా పాలిస్తా ఉంది. మీరు మా ఆసుపత్రికి తిరిగొచ్చేది ఎప్పుడు డాక్టరుగారూ? ఊళ్ళో ఇంకా మూడొందల గొడ్లున్నాయి.”

అచ్యుతరామయ్య గారు రాసుకున్నారు. అడిగినవారు ఒకరు, తరచుదనము లేదు. జవాబు గడిలో చిన్న గీత గీయబోయారు.

మాలకొండయ్య గారు గోడ మీది పది ప్రశ్నలు చూశారు, మేడ మెట్లు చూశారు. జేబులోంచి డిప్యుటేషన్ ఉత్తర్వు తీసి కిటికీలోంచి లోపల పెట్టారు.

“ఇప్పుడే వస్తున్నా, పదమ్మా,” అన్నారు.

ఆయన వరండా మెట్లు దిగి ఆమెతోపాటు గేటు దాటారు. అచ్యుతరామయ్య గారు ఆ మాటని ఏ గడిలో రాయాలా అని రిజిస్టరంతా వెతికారు. ఎక్కడా చోటు లేదు. కలం మూత పెట్టి, “ఆ నలభై ఏడో పోస్టు నీ దగ్గర ఇంకా ఉందా?” అని నన్నడిగారు.

ఉందన్నాను.

“పెట్టేసెయ్,” అన్నారు, అటూ ఇటూ చూసి. “లేబులొద్దు.”